నాలుగు వీధుల అవతల

బొమ్మల సారు తన పుస్తకంలో తన బొమ్మకి నిండా జుట్టు పెట్టుకున్నాడు. పొట్ట తగ్గించాడు, భుజాలు కాస్త వెడల్పు చేశాడు, చేతికి ఒక తోలు సంచీ తగిలించాడు. ముప్ఫై ఏళ్లుగా ఆరోగ్యశాఖలో ఇన్‌స్పెక్టరుగా ఊళ్లు పట్టుకు తిరిగినవాడికి ఆ మాత్రం సోకు చేసుకునే హక్కుంటుందని ఆయన వాదన. ఆ వాదన వినడానికి ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి కాదన్నవాళ్లూ లేరు.

ఇల్లంటే మేడ మీద ఒక గది. ఒక మంచం, ఒక బల్ల, ఒక కంచం, ఒక గ్లాసు. రెండో గ్లాసు కొనాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు. ఆఫీసు నుంచి వచ్చి, ఇంత వండుకుని తిని, ఆ కంచం కడిగి బోర్లించాక ఆయన బల్ల ముందు కూర్చునేవాడు. ఏడాదిన్నర పాటు అలా కూర్చుని ఇరవై నాలుగు పేజీలు గీశాడు. గీస్తున్నంతసేపూ బొమ్మల్తో మాట్లాడేవాడు. డాక్టర్ని కాస్త పక్కకి జరగమనేవాడు. మంచాల మీద పడుకున్న పిల్లలకి, రెండు పేజీలు ఓపిక పడితే తగ్గిపోతుందని ధైర్యం చెప్పేవాడు. కింది వాటాలో వాళ్లు పైన చుట్టాలొచ్చారేమో అనుకుని, ఒకసారి అడిగారు కూడా. అవునన్నాడు.

పుస్తకం పిల్లల కోసం. ఒక చోట ఒక్కసారిగా చాలామందికి జబ్బు చేస్తే అది ఎక్కడ మొదలైందో, ఎలా పాకిందో పట్టుకునే విద్య ఒకటుంది. దొంగని పట్టుకోవడం లాంటిదే అది. ఆ విద్యని బొమ్మల కథగా చెబితే పిల్లలు ఇష్టంగా నేర్చుకుంటారని ఆఫీసులో అనుకున్నారు. చెప్పడానికి బొమ్మల సారు దగ్గర ఒక కేసు ఉంది. పదకొండేళ్ల కిందట ఒక హాస్టల్లో నలభై మూడు మంది పిల్లలకి మూడు రోజుల్లో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒక్కడే వెళ్లాడు. ఒక్క పూటలో తేల్చాడు. జబ్బుతో ఉండి వంట చేసిన వంటావిడ వల్లే వచ్చిందని రిపోర్టు రాశాడు. ప్రయోగశాల వాళ్లు పరీక్ష చేస్తే ఆవిడలోనూ అదే క్రిమి కనబడింది. అప్పటి ఆఫీసరు అందరి ముందూ భుజం తట్టాడు. ఆయన జీవితంలో భుజం మీద పడ్డ చేతులు లెక్కపెట్టేన్ని కూడా లేవు కనుక, ఆ చెయ్యి బరువు ఆయనకి ఇప్పటికీ గుర్తే.

*

అచ్చుకి ఇచ్చేముందు ఒక తరగతిలో చూపించి, పిల్లలకి బోధపడుతోందో లేదో చూసి రమ్మన్నాడు ఇప్పటి ఆఫీసరు. వచ్చే వారం అచ్చు, ఆపైన బడులన్నిటికీ పంపకం. బొమ్మల సారు దగ్గర్లో ఉన్న బడికి వెళ్లి ఆరో తరగతిలో నిలబడ్డాడు. టీచరమ్మ వెనక బెంచీలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. పిల్లలు మొదట ఆయన బట్టతల వైపు, తర్వాత తమకి పంచిన జిరాక్సు పేజీల్లో ఉన్న జుట్టు వైపు చూసి, ఒకళ్లనొకళ్లు మోచేతుల్తో పొడుచుకున్నారు. ఆయన చూడనట్టు ఊరుకున్నాడు.

పిల్లలందరికీ గళ్ల కాగితం పంచాడు. కింద వరసగా సోమ, మంగళ, బుధ, గురు అని రాయించాడు. జబ్బుపడ్డ ఒక్కొక్కరికి ఒక్కొక్క గడి. ఎవరికి ఏ రోజు మొదలైతే ఆ రోజు మీద వాళ్ల గడికి రంగు వెయ్యాలి. ఒకే రోజు ఇద్దరుంటే ఒకరి నెత్తి మీద ఒకర్ని ఎక్కించాలి. జాబితా ఆయన చదివాడు, పిల్లలు రంగులేశారు. మంగళవారం పంతొమ్మిది, బుధవారం పద్దెనిమిది, గురువారం ఆరు. రెండు మేడలూ ఒక అరుగూ లేచాయి. వాటన్నిటికీ ముందు, సోమవారం మీద, ఒకే ఒక్క గడి విడిగా నిలబడింది.

అదెవరో చూడమన్నాడాయన. పిల్లలు జిరాక్సులో ఉన్న జాబితా వెతికి వంటావిడని పట్టుకున్నారు. దొరికింది దొంగ అని వెనక బెంచీల్లో సంబరం లేచింది. బొమ్మల సారు గాల్లో తేలిపోయాడు. పద్నాలుగో పేజీ తియ్యమన్నాడు. అందులో వంటావిడ పెద్ద గరిటె పట్టుకుని, బొద్దుగా, మొహం ముడుచుకుని నిలబడి ఉంది. ఆవిడ ముందు ఇన్‌స్పెక్టరు, జుట్టు ఎగురుతూ, వేలు చూపిస్తున్నాడు.

ముందు బెంచీలో కళ్లజోడు పిల్ల ఒకతి సోమవారం గడికి రంగు వెయ్యలేదు. పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పుతోంది. ఏమిటమ్మా అని ఆయన దగ్గరికి వెళ్లాడు.

"సార్, ఈవిడ మాటల బుడగ జిరాక్సులో పడలేదు," అంది.

ఆయన వంగి చూశాడు. బొమ్మల కథలో మనిషి మాట్లాడితే నోటి పక్కన బుడగ గీసి అందులో మాట రాస్తారు. ఆ పిల్ల వేలు పెట్టి ఒక్కొక్కటే చూపించింది. వార్డెనుకి బుడగ ఉంది. డాక్టరుకి ఉంది. మంచాల మీది పిల్లలకి ఉంది. జీపు డ్రైవరుకి ఉంది. వంటింటి గోడ మీద కూర్చున్న పిల్లి కూడా మ్యావ్ అంటోంది. వంటావిడ నాలుగు బొమ్మల్లో ఉంది, నాలుగింట్లోనూ ఆవిడ నోటి పక్కన ఖాళీ.

"జిరాక్సు తప్పు కాదమ్మా. నేనే పెట్టలేదు."

"మరి జబ్బు చేసిన ప్రతి ఒక్కరినీ మూడు ప్రశ్నలు అడగాలని మీరే రాశారు కదా సార్, ఆరో పేజీలో. ఎప్పుడు మొదలైంది, అంతకు ముందు ఏం తిన్నారు, ఎవరితో ఉన్నారు అని. ఈవిడేం చెప్పింది?"

సెలవు రిజిస్టర్లో ఉందన్నాడాయన. సోమవారం నాడు ఒంట్లో బాగోలేదని సెలవు పెట్టినట్టు అందులో రాసి ఉందన్నాడు.

"రిజిస్టరు ఎవరు రాస్తారు సార్?"

"వార్డెను."

"అయితే ఆ బుడగ వార్డెన్‌ది కదా."

ఎగతాళి చెయ్యడానికి అన్న మాట కాదది. లెక్కలో అంకె కలవకపోతే అడిగినట్టు అడిగింది. సోమవారం గడిలో రంగుకి బదులు ప్రశ్న గుర్తు పెట్టి, గంట కొట్టగానే కాగితం ఆయన చేతికిచ్చి అందరితో పాటు బయటికి పరిగెత్తింది.

*

ఆ సాయంత్రం ఆయన ఏమీ గియ్యలేదు. మంచం కింద నుంచి పెట్టె లాగి పాత జాబితా నకలు తీశాడు. పిల్లలవి నలభై మూడు వరసలు, అన్నీ తన చేతి రాతే. ఆ రోజు మంచం మంచం దగ్గరికీ వెళ్లి, పిల్లల పక్కన కూర్చుని, వాళ్ల నోటితో చెప్పించుకుని రాసినవి. ఒకడు తను తిన్నది చెప్పి, పక్కవాడి కంచంలోంచి తీసుకున్నది కూడా ఒప్పుకున్నాడు. అదీ రాశాడు. నలభై నాలుగో వరసలో వంటావిడ. మొదటి ప్రశ్నకి సోమవారం అని ఉంది. రెండో ప్రశ్నకి చిన్న గీత. మూడో ప్రశ్నకి చిన్న గీత. ఇన్నేళ్లూ ఆ రెండు గీతల్ని ఆయన జవాబులుగానే చూశాడు.

అయినా మనసు ఒప్పుకోలేదు. రిజిస్టరు అబద్ధం చెబుతుందా, పరీక్ష అబద్ధం చెబుతుందా అని గోడతో వాదించాడు. గోడ ఊరుకుంది. మాట్లాడటానికి మనిషి లేకపోవడం ఎంత కష్టమో ఆ పూట ఆయనకి తెలిసొచ్చింది. తప్పు లేదులే అని పొరపాటునైనా అనే నోరు ఆ గదిలో లేదు.

తెల్లవారాక, ఎందుకైనా మంచిది ఆ హాస్టలు దాకా వెళ్లొద్దామనుకుని సెలవు చీటీ రాయడానికి కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్లుగా సెలవు ఎలా రాస్తున్నాడో అలాగే రాశాడు. ఒంట్లో బాగోలేనందున ఈ ఒక్క రోజు సెలవు ఇప్పించ ప్రార్థన. సంతకం కూడా పెట్టాడు. పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఒంట్లో ఆయనకి నిక్షేపంలా ఉంది. ఉన్న కారణం రాస్తే పై వాళ్లు సవాలక్ష అడుగుతారు. ఆ ఒక్క మాట రాస్తే ఎవరూ ఏమీ అడగరు. ఆఫీసులో అందరూ అదే రాస్తారు. రిజిస్టర్లో వంటావిడ పేరు పక్కన ఉన్నదీ అదే మాట.

*

హాస్టలు పాత కట్టడం కూల్చేశారు. ఎదురుగా కిరాణా కొట్టాయన్ని అడిగితే, వంటావిడ ఉన్నచోటే ఉందని, బట్టలు ఇస్త్రీ చేస్తుందని చెప్పి ఒక ఆటో అతన్ని పిలిచి ఇల్లు చూపించమన్నాడు.

వాకిట్లో బల్ల, బల్ల మీద మడత పెట్టిన దుప్పటి, దాని మీద నీళ్లు చిలకరించిన చొక్కాలు. బల్ల వెనక సన్నగా, పొడుగ్గా ఒక మనిషి. తను గీసిన బొద్దు మనిషి కోసం ఆయన ఆవిడ భుజాల మీదుగా ఇంట్లోకి చూశాడు. వేరే ఎవరూ లేరు.

బట్టలు ఇవ్వడానికి రాలేదని, కాస్త మాట్లాడాలని చెప్పాడు. ఆవిడ కూర్చోమని స్టూలు జరిపి, లోపలికి వెళ్లి ఒక నీళ్ల సీసా తెచ్చి ఆయన ముందు పెట్టింది. కొట్లో కొన్న సీసా, మూత తియ్యనిది.

"సీలు ఉందండీ. చూసుకుని తాగండి," అంది.

ఆ మాట ఎందుకందో ఆయనకి వెంటనే తట్టలేదు. తలుపు సందులోంచి చూస్తే గోడవారగా అలాంటి సీసాలు ఐదారు వరసగా పెట్టి ఉన్నాయి. ఇంటికొచ్చినవాళ్లు మొహమాటపడకుండా ఉండటానికి ఆవిడ వాటిని తెచ్చి పెట్టుకుంటోందని అర్థమయ్యేసరికి, చెప్పాలని దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"ఆ రిపోర్టు రాసింది నేనేనమ్మా," అన్నాడు.

ఆవిడ ఇస్త్రీ పెట్టె నిలబెట్టి ఆయన మొహంలోకి చూసింది. కేకలేస్తుందనుకున్నాడు. వేస్తే బావుండుననుకున్నాడు. ఆవిడ మళ్లీ పెట్టె తీసుకుని, చొక్కా కాలరు మీద మెల్లగా తోసింది.

"నాకు లోపలి నీళ్లే ఇవ్వండి," అన్నాడాయన.

"వద్దండీ. నా చేతి నీళ్లు పనికిరావని రాసింది మీరే కదా."

ఆయన సంచీలోంచి పుస్తకం, కలం తీశాడు. ఏళ్ల తరబడి వందలమందిని అడిగిన మూడు ప్రశ్నలు, మొదటిసారి అడుగుతున్నట్టు తడబడుతూ అడిగాడు. మీకు ఎప్పుడు మొదలైందమ్మా.

"గురువారం తెల్లారగట్ల," అంది ఆవిడ. ఆలోచించుకోలేదు. "సోమవారం మా తమ్ముడు ఇల్లు మారాడు. బీరువాకి ఒక పక్క పట్టుకోవడానికి మనిషి లేడు. ఆ మాట చెబితే వార్డెన్ సెలవిస్తాడా? ఒంట్లో బాగోలేదని రాయించాను. సాయంత్రానికి వచ్చేసి వంట చేశాను. మంగళవారం నుంచి పిల్లలు కక్కుతున్నారు. వాళ్ల దుప్పట్లు ఎవరు ఉతుకుతారండీ? రెండు రాత్రులు నేనే ఎత్తిపోశాను. గురువారానికి నేనూ పడ్డాను."

మిగిలినవి ఆయన అడక్కుండానే తెలిసిపోయాయి. పిల్లల వల్ల ఆవిడకి వచ్చింది. ఆవిడ వల్ల పిల్లలకి కాదు. పరీక్షలో క్రిమి కనబడక ఏం చేస్తుంది. ఈ మాట అప్పుడు ఎవరికైనా చెప్పారా అని అడిగితే, వార్డెనుకి చెప్పానని, రిపోర్టులో ఉన్నాక నువ్వు చెప్పేదేమిటన్నాడని అంది. ఆ తర్వాత ఏ వంటింట్లోకీ ఆవిడని రానివ్వలేదు. పక్కింటివాళ్లు పిండివంట చేసినా పంచిపెట్టడం మానేశారు, ఆవిడ తిరిగి ఏదైనా చేసిపెడుతుందేమోనని. బట్టలు మాత్రం ఇచ్చారు.

"ఇస్త్రీ పెట్టె కింద ఏ క్రిమీ బతకదు కదండీ," అని నవ్వింది. ఆ నవ్వు చూడలేక ఆయన తల దించుకున్నాడు.

క్షమించమని అడుగుదామనే వచ్చాడు. దానికి బదులు పద్నాలుగో పేజీ తీసి చూపించి, ఇది అచ్చులోకి వెళ్లబోతోందని, ఈ బొమ్మ తీసేస్తానని చెప్పాడు. ఆవిడ చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది.

"ఇంత లావా నేను?"

"మిమ్మల్ని చూడలేదమ్మా. గుర్తింపు కార్డు మీది ఫోటో చూసి గీశాను."

ఆవిడ బొమ్మని చాలాసేపు చూసింది. "తీసెయ్యకండి. మాట పెట్టండి," అంది. తర్వాత, ఇన్నేళ్లకి ఈ సంగతి ఎవరికి గుర్తొచ్చిందని అడిగింది. బళ్లో ఒక పిల్ల అడిగిందన్నాడు. ఏమని అడిగిందంటే, ఈవిడేం చెప్పింది అని.

ఆవిడ చొక్కా మడత పెట్టి పక్కన పెట్టింది. "నన్ను ఆ పిల్ల దగ్గరికి తీసుకెళ్లండి," అంది.

*

మరునాడు ఆఫీసరు గదిలో బొమ్మల సారు అరగంట నిలబడ్డాడు. పేజీలు మార్చాలన్నాడు, కారణం చెప్పాడు. ఆఫీసరు చెడ్డవాడేమీ కాదు. ఓపిగ్గా విని, మన శాఖ తప్పు చేసిందని మనమే బొమ్మలేసి ఊరంతా పంచుతామా, పాత సంగతులు ఎవరికి గుర్తున్నాయి, ఉన్నది ఉన్నట్టు వెయ్యనివ్వు, లేదంటే అసలు మానేద్దాం అన్నాడు. బొమ్మల సారు మానేద్దామన్నాడు. ఇంత సులువుగా వదులుకుంటాడని ఆఫీసరు అనుకోలేదు. ఏడాదిన్నర కష్టం కదయ్యా అని మెత్తగా అన్నాడు కూడా. ఆయన బొమ్మల మూట వెనక్కి తీసుకుని, జరిగిన తప్పు ఒక పేజీలో రాసి, ఆ కేసు ఫైల్లో పెట్టమని బల్ల మీద ఉంచాడు. ఆఫీసరు దాని మీద గాజు బరువు పెట్టాడు. అది అక్కడి నుంచి ఫైల్లోకి వెళుతుందో, చెత్తబుట్టలోకి వెళుతుందో బొమ్మల సారుకి తెలియదు.

ఆ సాయంత్రం పద్నాలుగో పేజీ మళ్లీ గీశాడు. వంటావిడని సన్నగా, పొడుగ్గా, చేతిలో తడి దుప్పటితో నిలబెట్టాడు. ఇన్‌స్పెక్టరు జుట్టు తీసేశాడు. ఆవిడ నోటి పక్కన బుడగ గీశాడు. అందులో ఏమీ రాయకుండా వదిలేశాడు. ఒకసారి ఆవిడ మాట తనే రాసుకున్నాడు, చాలు. భుజం మీది ఆ పాత చెయ్యి బరువు ఇప్పుడు వెతికినా దొరకడం లేదు. ఆ వేళ బొమ్మలతో కూడా మాట్లాడలేదు.

*

ఆవిడ ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుని వచ్చింది, ఒక్క ముడత లేదు. తరగతిలోకి వచ్చి గుమ్మం దగ్గరే ఆగింది. ఇంతమంది పిల్లల మధ్యకి వచ్చి ఎన్నేళ్లయిందో ఆవిడ మొహమే చెబుతోంది. కళ్లజోడు పిల్ల బెంచీలో చివరికి జరిగి చోటిచ్చింది. ఆవిడ ఆ చిన్న బెంచీలో మోకాళ్లు ఒక పక్కకి పెట్టుకుని కూర్చుంది.

ఎవరో ఏమిటో బొమ్మల సారు చెప్పాడు. దొంగ అని అరిచిన వెనక బెంచీలవాళ్లు ఆవిడని చూడటానికి లేచి నిలబడ్డారు. పిల్ల గళ్ల కాగితం పరుచుకుంది, పెన్సిలు చెక్కుకుంది, ఆరో పేజీ తెరిచి పక్కన పెట్టుకుంది.

"మీకు ఎప్పుడు మొదలైందండీ?" అంది.

"గురువారం తెల్లారగట్ల."

పిల్ల రాసింది. అంతకు ముందు ఏం తిన్నారంటే, బుధవారం అంతా తినడానికి తీరిక లేదని చెప్పింది. ఎవరితో ఉన్నారంటే పిల్లల పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. ఎవరి దుప్పటి మార్చింది, ఎవరి మొహం కడిగింది, ఎవడు అమ్మ కావాలని ఏడిస్తే తెల్లారేదాకా పక్కన కూర్చుంది, ఒక్కొక్కటీ చెప్పింది. పదకొండేళ్లుగా అడగనివాళ్ల కోసం దాచిపెట్టినట్టు వరసగా చెప్పింది. టీచరమ్మ పేపర్లు దిద్దడం ఆపేసింది. పిల్ల అన్నీ రాసి, బొమ్మల సారు ఇచ్చిన కొత్త పేజీలో బుడగ నిండేలా గురువారం తెల్లారగట్ల అని ఎక్కించింది. తర్వాత రంగు పెన్సిలు తీసుకుని గురువారం ఆరు గళ్ల మీద ఏడో గడికి రంగు వేసింది. సోమవారం మీది ప్రశ్న గుర్తు చెరిపేసింది. సోమవారం మీద ఇంకేమీ లేదు.

మరి ఎవరి వల్ల మొదలైంది సార్ అని వెనక నుంచి ఒకడు అడిగాడు. తెలియదన్నాడు బొమ్మల సారు. నీళ్ల తొట్టి కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. అప్పుడే వెతికి ఉంటే తెలిసేది. దొరికిందనుకుని వెతకడం మానేశాం. ఇప్పుడు ఆ తొట్టీ లేదు, ఆ వంటిల్లూ లేదు.

కళ్లజోడు పిల్ల ఇంకా కాగితం మడవలేదు.

"ఇంకొకర్ని అడగాలి సార్," అంది.

"ఎవర్నమ్మా?"

"మిమ్మల్ని. ఆ రోజు ఈవిడని ఎందుకు అడగలేదు?"

చెప్పడానికి చాలా ఉన్నాయి. నలభై మూడు మంది పిల్లలు, ఒక్కడే మనిషి, పైనుంచి ఒత్తిడి. ఇవన్నీ నిజమే. బొమ్మల సారు వంటావిడ వైపు చూశాడు. ఆవిడ తల వంచుకుని బెంచీ మీద ఎవరో చెక్కిన గీతల్ని వేలితో తడుముతోంది.

"సాయంత్రం ఐదైందమ్మా. జీపు డ్రైవరు హారను కొడుతున్నాడు. రిజిస్టర్లో జవాబు కనబడింది. ఈవిడ ఆ రోజు ఇంట్లో పడుకుని ఉంది. ఆ ఇల్లు హాస్టలుకి నాలుగు వీధుల అవతల. నడవడానికి బద్ధకించాను. అంతే."

పిల్ల తల ఊపి, పెదాలు కదుపుతూ రాసుకుంది. నాలుగు వీధుల అవతల, అని పైకే చదివింది.

వంటావిడ తలెత్తింది.

"నాలుగు కాదమ్మా," అంది. "మూడే."

పిల్ల రబ్బరు తీసి నాలుగుని చెరిపింది. పొట్టు ఊదేసి, మూడు అని రాసింది.